ఏడు చెట్ల దగ్గర సున్నా

చీమల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత "అంటే ఏం చేస్తారండీ?" అని అడుగుతారు, నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్ చూసుకుంటారు. పదకొండేళ్లుగా ఆస్ట్రేలియాలో ఇదే పని. మొదటి నాలుగేళ్లు ఊళ్లకు దూరంగా ఎర్రమట్టి నేలల్లో, ఈగలు కళ్లల్లో దూరకుండా ముఖానికి వల తగిలించుకుని, చీమల పుట్టల వెంట తిరిగాను. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. ఆ ప్రాజెక్టూ అయిపోయింది. అప్పట్నుంచి సిడ్నీ పడమటి పేటల్లో, ఇళ్ల ముందు గడ్డిలో గొంతుక్కూర్చుని లెక్కపెడుతున్నాను. కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించినప్పుడల్లా సంతోషించాలో ఏడవాలో తెలియని వయసుకొచ్చాను.

ఈసారి పని ఒక గోధుమరంగు చీమ గురించి. ఎప్పుడో ఆఫ్రికా నుంచి ఓడల్లో, మొక్కల కుండీల మట్టిలో వచ్చిందంటారు. అది స్థిరపడిన చోట ఇక్కడి నల్లచీమలు నిలవవు. అది ఎంతదూరం పాకిందో వీధివీధికీ పటం గీయాలి. బయట నుంచి వచ్చిన చీమను పట్టుకోవడానికి బయట నుంచి వచ్చినదాన్నే పెట్టారని తెనాలి నుంచి మా అమ్మ ఫోన్‌లో ఒకటే నవ్వు. ఆ జోకు మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నవ్వాలో కూడదో తెలియక పాపం వాళ్లు ఇబ్బంది పడతారు.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బొటనవేలంత ప్లాస్టిక్ సీసాలో ఒక సాసేజ్ ముక్క, దాని పక్కన ఒక చుక్క తేనె. పొద్దున ఏడింటికి చెట్టు మొదట్లో ఆ సీసాని పడుకోబెట్టాలి. గంట ఆగాలి. మూత బిగించి ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఏ చీమలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. ఆ గంటసేపు వీధిలో ఊరికే నిలబడటమే పని. కుక్కల్ని తిప్పేవాళ్లు "ఏమైనా పారేసుకున్నావా?" అని అడుగుతారు. బడికి బయల్దేరిన మన పిల్లలు నన్ను చూసి వాళ్ల అమ్మలతో ఇంగ్లిషులో గుసగుసలాడతారు. చెమట, ఎండ, టోపీ కింద దురద. పద్ధతి గురించి వ్యాసాల్లో రాసేటప్పుడు ఇవేవీ రాయం.

వాటిలో మనవాళ్లు ఎక్కువగా ఉండే గిరావీన్ పేటలో ఒక వీధి నన్ను రెండు వేసవులు ఏడిపించింది. ఆ వీధిలో పన్నెండు చెట్లు గుర్తుపెట్టుకున్నాను. స్టేషన్ వైపున్న ఐదు చెట్ల దగ్గర సీసా నిండా చీమలు. దిగువన ఉన్న ఏడింటి దగ్గర ఏమీ ఉండేవి కావు. పక్క వీధిలో అవే చెట్లు, అదే గడ్డి, అదే ఎండ, చీమలు మాత్రం కుప్పలు. నా నోట్‌బుక్‌లో ఆ ఏడు చెట్ల ఎదురుగా సున్నా, సున్నా, సున్నా. సీసాలు మార్చాను, సాసేజ్ కంపెనీ మార్చాను, వచ్చే వేళ మార్చాను. రెండో వేసవి సగం గడిచాక ఇక నా వల్ల కాదనిపించి పక్కన ఒక ముక్క రాశాను: "ఇళ్లవాళ్లు మందు కొడుతున్నారు." ఎవరూ కొట్టగా నేను చూడలేదు. విసుగు పుట్టి రాశాను. రాసేశాక అదే నిజమని నమ్మేశాను కూడా.

సరిగ్గా అప్పుడే నేను పనిచేసే యూనివర్సిటీ వాళ్లకు సైన్సు అందనివాళ్లకు సైన్సు అందించాలని బుద్ధి పుట్టింది. చీమల మందుల గురించి ఒక కరపత్రం వేసి చాలా భాషల్లోకి మార్పించారు. తెలుగు కరపత్రం నా బల్ల మీద పెట్టి, బాగుందో లేదో చూడమన్నారు. రెండుసార్లు చదివాను. తెలుగు అక్షరాలే, నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒళ్లు మండి, "దీన్ని పంచొద్దు, నేనే వెళ్లి మాట్లాడతాను" అన్నాను. మా బాసు నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది, మంచి మనిషి. వెంటనే సరేనంది. నోరు జారి పని నెత్తికెత్తుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

లైబ్రరీ పక్క హాల్లో ఒక శనివారం పదకొండింటికి పెట్టుకున్నాం. పంతొమ్మిది మంది వచ్చారు. దాదాపు అందరూ మనవళ్లనీ మనవరాళ్లనీ చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లే. వాళ్లని నేను రోజూ చూస్తూనే ఉంటాను. పొద్దున పిల్లల్ని బడి గేటు దగ్గర దింపి, పార్కు చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని మూడింటి కోసం చూస్తుంటారు. మనవలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది. కొడుకులూ కోడళ్లూ ఆఫీసుల్లో ఉంటారు. చుట్టూ ఉన్న చెట్టు పేరేమిటో, పొద్దున్నే అరిచే పిట్ట ఏమిటో చెప్పేవాళ్లు లేరు. అడిగితే నవ్వుతారేమోనని వాళ్లూ అడగరు. ఆ రోజు హాల్లో ఏసీ ఉంది, అల్లం టీ ఉంది, మాట్లాడేది తెలుగు. నా చీమల కోసం ఎవరైనా వచ్చారా అన్నది నాకు అనుమానమే.

నేను మాత్రం మైకు పట్టుకుని బాగానే దులిపాను. చీమ కనబడగానే మందు కొట్టకండి అన్నాను. మీరు కొట్టే మందుకి ఇక్కడి చీమలు చస్తాయి, బయటి చీమలు ఆ ఖాళీలో చేరతాయి అన్నాను. మన గిరావీన్‌లోనే ఒక వీధి ఉంది, అక్కడ మందు కొట్టికొట్టి ఏడు చెట్ల దగ్గర చీమన్నది లేకుండా చేశారు అని కూడా అన్నాను.

ముందు వరసలో కూర్చున్న ఒక అంకుల్ చెయ్యెత్తారు. గుడివాడ వైపు ఆయన. "అమ్మా, మీ తెల్ల కారు మా వీధిలోకి రావడం మొదలైన కాణ్ణుంచే మా మనవడికి దగ్గు పట్టుకుంది. మీరేదో పెడుతున్నారంట గదా చెట్ల కింద. దాని వల్లేమో చూడండి."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు మబ్బు పట్టి ఉందని గొడుగు తెచ్చుకున్నాను, అది కుర్చీకి తగిలించి ఉంది. దాన్ని పైకెత్తి చూపించాను. "అంకుల్, ఇవాళ నేను గొడుగు తెచ్చాను. వాన పడలేదు. నా గొడుగు వల్లే వాన ఆగిందంటారా?" అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. "ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం అయిపోదు. సైన్సంటే ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి" అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను.

టీలు అయ్యాక అందరూ వెళ్తుంటే ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి నిలబడింది. బక్కపలచటి మనిషి, నేత చీర మీద కూతురిదో ఎవరిదో పెద్ద స్వెట్టరు, కాళ్లకు బూట్లు. జగిత్యాల దగ్గర పల్లె అని తర్వాత తెలిసింది.

"బిడ్డా, మందెవలు కొడ్తున్రు? నోర్లేని జీవాలకు మందు కొట్టుడేంది?" అంది.

"అదే ఆంటీ, కింది ఏడు చెట్ల దగ్గర ఒక్క చీమ కూడా రావడం లేదు."

"ఎందుకు రావు? గా వీధిలనే మేముండేది. నేను రోజు జూస్తున్న గద, బార్లు బార్లు ఉంటయి. నేనే పిండేస్త."

"ఏం పిండి?"

"బియ్యప్పిండి. ఇంత చక్కెర గలుపుత. పొద్దుగాల ఇంటిముంగట ముగ్గేసి, ఆడికెళ్లి ఒక్కో చెట్టు మొదట్ల ఇంతింత ఏస్కుంట పోత. ఏడు చెట్లు. మొక్కున్నది."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. రెండు వేసవులుగా నేను సున్నాలు రాసుకున్న చెట్ల దగ్గర ఆవిడ రోజూ విందు పెడుతోంది. పక్కనే కడుపునిండా చక్కెర పిండి ఉంటే నా ఎండు సాసేజ్ ముక్క చీమలకెందుకు? అలాంటి మనిషి ఎదుట అరగంటసేపు మందు కొట్టొద్దని ఉపన్యాసం దంచాను. ఆవిడ మాత్రం నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా, ఛాయ్ తాగలేదా?" అంది.

సోమవారం తెల్లవారుతూనే ఆవిడతో కలిసి నడిచాను. "ఆంటీ అనకు బిడ్డా, గదేదో బడి పంతులమ్మను పిలిసినట్టున్నది, పెద్దమ్మ అను" అంది. ఇంటి ముందు ముగ్గు వీధిలోకి కనబడదు. అద్దె ఇల్లు, ఏజెంటు వచ్చి చూస్తాడని అల్లుడు భయపడితే, ఎర్ర మూత, పసుపు మూత చెత్తడబ్బాల వెనక కాంక్రీటు మీద చిన్నగా వేస్తోంది. నేను రెండేళ్లు ఆ డబ్బాల ముందు నుంచే నడిచాను. అక్కణ్నుంచి ఒక స్టీలు గిన్నె చంకన పెట్టుకుని చెట్టు చెట్టు దగ్గరా వంగి, బొటనవేలూ చూపుడువేలూ రాస్తూ పిండి రాల్చుకుంటూ పోయింది. పది నిమిషాలకు చీమలు బారు కట్టాయి. నేను వచ్చే వేళకు నేల మీద పిండి జాడే ఉండేది కాదు.

ఆవిడకు వాటి సంగతి నాకు తెలిసినంతా తెలుసు. "గీ ఎర్రటివి ముందుగాల అస్తయి. నల్లటివి వీటికి భయపడి ఎనుకకెళ్లి అస్తయి. వానొచ్చే ముందురోజు పిండి ముట్టయి, గుడ్లు మోస్కుంట తిరుగుతయి. మూడో చెట్టుకాడ నల్లటివి మొన్నటిదాంక ఉండె, ఇప్పుడు లెవ్వు." ఆవిడ ఎర్రటివన్నది నా గోధుమరంగు చీమల్నే. మూడో చెట్టు దగ్గర నల్లచీమలు ఎప్పుడు పోయాయన్నది నా పటానికి కావలసిన విషయం. నా దగ్గర దానికి జవాబు లేదు, ఆవిడ దగ్గర ఉంది. రోడ్డు పక్కనే నిలబడి రాసుకున్నాను.

మొక్కు సంగతి ఐదో చెట్టు దగ్గర చెప్పింది. ఆవిడకు ఒక్కతే కూతురు. పెళ్లయి ఇక్కడికొచ్చాక రెండు కడుపులు పోయాయి. ఇది మూడోది, ఏడో నెల నడుస్తోంది. ఈ వేసవే కాదు, నేను సున్నాలు రాసుకున్న మొదటి వేసవిలో కూడా ఆవిడ ఇక్కడే ఉంది. అప్పుడే రెండోది పోయింది. "గుడికి పోయి మొక్కితె దేవుని ముంగట శాన మంది ఉంటరు బిడ్డా. మన మాట ఎప్పుడు ఇంటడో. గివి అయితె రోజు తింటయి. వెయ్యి నోర్లు తింటె ఒక్క నోరన్న మా బిడ్డకోసం అడ్గదా అనుకున్న. కాన్పు అయ్యేదాంక ఒక్కరోజు ఇడువనని మొక్కిన."

"పోయినసారి కూడా వేశారు కదా పెద్దమ్మా" అని నోటిదాకా వచ్చింది. అనలేదు. కనీసం ఆ ఇంగితం ఉంది నాకు.

ఆఫీసుకెళ్లి మా బాసుకు జరిగింది చెప్పాను. ముందు పగలబడి నవ్వింది, తర్వాత నా మొహం చూసి ఆపింది. "ఏం ఫర్వాలేదు, ఆ వీధి తీసెయ్. ఒక్క వీధి లేకపోతే పటానికేం కాదు" అంది. నిజమే. ఆ వీధి తీసేస్తే ఎవరూ అడగరు. కానీ రెండు వేసవుల సున్నాలు నా మీద పడి నవ్వుతున్నట్టుంది. ఏం చేస్తే ఆ వీధి మళ్లీ పటంలోకి వస్తుందో నాకు తెలుసు. పిండి లేకుండా వరసగా మూడు పొద్దులు అవే ఏడు చెట్ల దగ్గర సీసాలు పెట్టాలి. మూడంటే మూడే. ఎండాకాలం అయిపోతోంది, తర్వాత చీమలు బయటికి రావడం తగ్గుతుంది. పంతం పట్టాను. అలిసిపోయిన మనిషికి పంతం ఎక్కడ్నుంచి వస్తుందో గానీ వస్తుంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. కూతురు సోఫాలో కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకుని ఉంది. డాక్టర్లు ఎక్కువ నడవొద్దన్నారట. పెద్దమ్మ నాకు మురుకులు పెట్టి, టీ పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను విషయం చెప్పాను. మూడు రోజులు పిండి వేయకుండా ఉండగలరా అని అడిగాను.

పెద్దమ్మ కూతురి వైపు చూసింది. కూతురు, "అమ్మా, నీ ఇష్టం. అక్క అడిగిందని చెయ్యాల్నని లేదు" అంది.

"ముగ్గు గూడ ఎయ్యొద్దా?" అని అడిగింది పెద్దమ్మ.

"పిండితో వద్దు పెద్దమ్మా. సుద్దముక్కతో గీసుకోవచ్చు."

"సుద్దను చీమ తింటదా," అంది తనలో తనే అనుకున్నట్టు. తర్వాత, "గవి మూడు దినాలు ఉపాసముంటయా?"

"ఉండవు. నేను పెడతాగా, మాంసం ముక్క, తేనె."

"నాకన్న మంచిగనే పెడ్తవైతె" అని కొంచెం నవ్వింది. ఆ తర్వాత నా వైపు సూటిగా చూసి అడిగింది. "గిది చెయ్యకుంటె నీ కొలువుకేమన్న అయితదా బిడ్డా?"

కాదు అనాలి. కాదు పెద్దమ్మా, నా కొలువుకేమీ కాదు, ఇది నా పంతం, అనాలి. నేను టీ కప్పు కేసి చూస్తూ, "అవుతుంది" అన్నాను.

"గట్లయితె సరే. మూడు దినాలె గద" అంది. లేచి గిన్నె కడిగి బోర్లించింది.

మొదటి పొద్దు ఏడు సీసాలూ నిండాయి. రెండో పొద్దు ఇంకా ఎక్కువ. మూత బిగించేలోపు చేతుల మీదికి ఎక్కేశాయి. రెండేళ్ల తర్వాత ఆ ఏడు చెట్ల ఎదురుగా అంకెలు రాస్తుంటే ఎంత హాయిగా అనిపించిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. పెద్దమ్మ రెండు రోజులూ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూసింది. చెత్తడబ్బాల వెనక సుద్దముగ్గు కూడా వేయలేదు. ఎందుకని అడిగితే, "ఎవలు తినని ముగ్గెందుకు" అంది. ఖాళీగా ఉన్న ఆ వాకిలి కేసి మాత్రం చూడలేదు.

మూడో పొద్దు వెళ్లేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. నిద్రపోతున్నారనుకుని సీసాలు పెట్టాను. ఏడున్నరకు వాళ్ల కారు వచ్చి ఆగింది. అల్లుడు దిగాడు. జుట్టు చెదిరి, కాళ్లకు రెండు రకాల చెప్పులు.

"అక్కా, మూడింటికి పెయిన్స్ స్టార్ట్ అయినయి. ఎమర్జెన్సీ ఆపరేషన్ చేసిన్రు. పాప. ముప్పై వారాలే గద, సపరేట్‌గ పెట్టిన్రు. ఏం చెప్తలేరు. అత్తమ్మ అక్కడ్నే ఉంది. బట్టలు తీస్కపోదామని వచ్చిన." అంటూనే లోపలికి పరుగెత్తి, సంచీతో బయటికొచ్చి వెళ్లిపోయాడు.

గంట పూర్తవడానికి ఇంకా ముప్పై నిమిషాలుంది. నేను ఆ ముప్పై నిమిషాలూ అక్కడే ఉన్నాను. ఇది దాచిపెట్టి మిగతాదంతా చెప్పడంలో అర్థం లేదు. ఎనిమిది కాగానే ఒక్కో చెట్టు దగ్గరా వంగి మూత బిగించాను, తేదీ రాశాను, చెట్టు నంబరు రాశాను. ఏడు సీసాలూ నిండుగా ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కారెక్కి తలుపు వేసుకుని, ల్యాబ్ వైపు కాకుండా ఇంటి వైపు తిప్పాను.

నేనుండేది వెస్ట్‌మీడ్‌లో, వాళ్లు చేరిన పెద్దాసుపత్రికి ఐదు నిమిషాల నడకలో, అద్దె ఫ్లాటు. ఇంటికెళ్లి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టాను, నిమ్మకాయ పచ్చడి పెట్టాను. మధ్యాహ్నం అది పట్టుకుని ఆసుపత్రికి నడిచాను. దారి పొడుగునా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ముప్పై వారాలకు కాన్పు రావడానికి లక్ష కారణాలుంటాయి. డాక్టర్లు ముందునుంచే భయపడుతున్నారు. చీమలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేను బయాలజీ చదివాను, నాకు తెలుసు. తెలిసినదాని వల్ల ఆ ఐదు నిమిషాల నడకలో నాకు ఒరిగిందేమీ లేదు.

పిల్లల వార్డు బయట కుర్చీల వరసలో పెద్దమ్మ చివరి కుర్చీలో కూర్చుని ఉంది. అదే స్వెట్టరు. నన్ను చూసి పక్క కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టింది. కూతురు బాగానే ఉందట, మత్తులో ఉందట. పాపను అద్దాలపెట్టెలో చూపించారట. "ఇంతే ఉన్నది" అని అరచెయ్యి, దాని మీద ఇంకో నాలుగు వేళ్లు పెట్టి చూపించింది.

తర్వాత అడిగింది. "చీమలు అచ్చినయా బిడ్డా?"

"వచ్చాయి పెద్దమ్మా."

"ఏడింటికి ఏడా?"

"ఏడింటికి ఏడు."

"మంచిగైంది. నీ కొలువుకు ఇగ ఫికర్ లేదు."

అప్పుడిక నా వల్ల కాలేదు. "నా కొలువుకు అసలేమీ కాదు పెద్దమ్మా. ఆ వీధి వదిలేసినా సరిపోయేది. మా బాసు వదిలెయ్యమనే చెప్పింది. నేనే పట్టుబట్టాను. మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. అంతమంది ఉన్న వరండాలో ఏడ్చేశాను. నలభై నాలుగేళ్ల మనిషిని, మెడలో యూనివర్సిటీ గుర్తింపు కార్డు వేలాడుతుండగా.

ఆవిడ నా వైపు చూడలేదు. పెరుగన్నం డబ్బా మూత తీసింది, మళ్లీ పెట్టింది. ఎదురుగా గోడ మీద చేతులు కడుక్కోమని చెప్పే బొమ్మ కేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నీ గొడుగు ముచ్చట నాకు యాదికున్నది" అంది చివరికి. "నువ్వు గొడుగు తెచ్చినవని వాన ఆగలే. నేను పిండెయ్యలేదని గిది గాలే. నువ్వే చెప్పినవ్ గద మైకుల. గదొక్కటి యాది పెట్టుకోమన్నవ్, పెట్టుకున్న. ఏడువకు."

ఆ రోజు హాల్లో పంతొమ్మిది మంది నవ్వారు. మాట మనసులో పెట్టుకున్నది ఈవిడ ఒక్కతే. నేను కళ్లు తుడుచుకుని తలూపాను. ఆవిడ రెండు ముద్దలు తింది. నీళ్లు తాగింది. ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకుంటూనే ఉన్నాయి.

కాసేపయ్యాక నా వైపు వంగి, నర్సులకు వినబడుతుందేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, మూడు దినాలయిపోయినయ్ గద. రేపట్నుంచి పిండి ఏస్కోవచ్చునా?"

నా ఉపన్యాసాలన్నీ ఒకవైపు, ఆ ప్రశ్న ఒకవైపు. కావాలంటే ఆ పొద్దున్నే పరుగున ఇంటికెళ్లి వేసుకోగలిగేది, నాకు చెప్పకుండానైనా వేసుకోగలిగేది. మాటిచ్చింది కాబట్టి, మూడో రోజు పూర్తయ్యేదాకా ఆగి నా అనుమతి అడుగుతోంది.

"మీరిక్కడే పాప దగ్గర ఉండండి పెద్దమ్మా. నేను వేస్తాను" అన్నాను.

పాప బతికింది. ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లను ఉగ్గబట్టి ఉంచడం నాకిష్టం లేదు. ఏడు వారాలు ఆ పెట్టెలో ఉండి ఇంటికొచ్చింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నా పటం కూడా అచ్చయింది. అందులో ఆ వీధి ఉంది. ఏడు చెట్ల పాత లెక్కలు ఎందుకు తీసేశామో కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఒక నివాసి అక్కడ క్రమం తప్పకుండా ఆహారం వేసేవారు. ఆవిడ నివాసి కూడా కాదు, వీసా అయిపోగానే వెళ్లిపోయింది. పేరు వేయడం కుదరదన్నారు. గొడవపడే ఓపిక లేక సంతకం పెట్టాను. ఉపన్యాసాలు ఇంకా ఇస్తున్నాను. గొడుగు మాత్రం తీసుకెళ్లడం లేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ మర్నాటి పొద్దు. ఐదున్నరకల్లా బియ్యప్పిండి ప్యాకెట్టు పట్టుకుని గిరావీన్‌లో దిగాను. చెత్తడబ్బాల వెనక నాలుగు చుక్కలు పెట్టి కలిపాను, గీత ఒక్కటీ తిన్నగా రాలేదు. తర్వాత చెట్టు చెట్టు దగ్గరా వంగి పిండి రాల్చుకుంటూ వెళ్లాను. సీసాలు లేవు, నోట్‌బుక్ లేదు. ఏడో చెట్టు దగ్గర ఉండగా అల్లుడి నంబరు నుంచి ఫోన్ వచ్చింది, మాట్లాడింది పెద్దమ్మ. రాత్రంతా ఆ కుర్చీలోనే ఉన్నట్టుంది, గొంతు జీరబోయింది.

"ఏసినవా బిడ్డా?"

"వేశాను."

"ఏడింటికాడనా?"

"ఏడింటి దగ్గరా వేశాను పెద్దమ్మా."

"చక్కెర గలిపినవా?"

కలపలేదు. అంత జాగ్రత్తగా అలారం పెట్టుకుని లేచి, దాన్నే మర్చిపోయాను. చెప్పాను. అవతల వరండాలో ఏదో బండి తోసుకెళ్తున్న చప్పుడు వినబడింది.

"ఏం గాదులే బిడ్డా" అంది. చాలా మెల్లగా అంది.

కొట్లు ఇంకా తెరవలేదు. కారు అరలో కాఫీ కొట్ల నుంచి తెచ్చి పడేసిన చక్కెర పొట్లాలు కొన్ని ఉన్నట్టు గుర్తొచ్చింది. వెతికితే తొమ్మిది దొరికాయి. అవి పట్టుకుని మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి నడిచాను.